తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు

లా చదివేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దేశదేశాల చట్టాల్ని పోల్చి చూసే తులనాత్మక న్యాయశాస్త్రం దండగమారి పేపరట. విదేశీ చట్టం మన కోర్టుల్లో చెల్లదట, దాన్ని చదవడం ఇంకా వలస బుద్ధేనట, ఎటూ బట్టీ కొట్టి మరిచిపోయేదేనట.

ముందు ఆ "చెల్లదు" సంగతి. చెల్లదని తేల్చాలన్నా అక్కడి చట్టం తెలియాలి కదా! 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసు చూడండి. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. మిస్సోరీలో 90 రోజులు ఉన్నవాళ్లు విడాకులు అడగొచ్చు, కాపురం ఇక అతుక్కోదన్న కారణం సరిపోతుంది. మన హిందూ వివాహ చట్టంలో ఆ కారణమే లేదు. రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకోకుండా ఈ కేసు ఎలా వాదిస్తారు? మన ఊళ్లలో అమెరికా సంబంధం లేని వీధి ఎక్కడుంది గనక, అలాంటి ఫైలు రేపు ఏ జూనియర్ చేతికైనా రావచ్చు.

ఇక వలస బుద్ధి. 1880ల నాటి మద్రాసు హైకోర్టు కేసు, "చిన్నయ్య–రామయ్య" పేరుతో ఉన్నది చూడండి. ఒక పెద్దావిడ తన భూమి కూతురికి రాసిచ్చింది, ఏటా 653 రూపాయలు తన తోబుట్టువుకు ఇవ్వాలని షరతు పెట్టింది. కూతురు సరేనని ఆ తోబుట్టువుకు రాసిచ్చి, తర్వాత ఎగ్గొట్టింది. నువ్వు నాకేమిచ్చావని నేనివ్వాలి అన్నది ఆమె వాదన. ఇంగ్లండులో అయితే గెలిచేదే, అక్కడ మాట పొందినవాడే ప్రతిఫలం, అంటే మాటకు బదులుగా ఏదో ఒకటి, ఇచ్చి ఉండాలి. మన 1872 కాంట్రాక్టు చట్టం మాత్రం ప్రతిఫలం మాట పొందినవాడు "లేదా వేరే ఎవరైనా" ఇవ్వొచ్చంటుంది. తల్లి ఇచ్చిన భూమే ప్రతిఫలమైంది, కూతురు ఓడిపోయింది. ఇంగ్లండు రూలు తెలియని విద్యార్థి ఆ మూడు మాటల మీద క్షణం కూడా ఆగడు. మనం ఎక్కడ వాళ్ల దారి వదిలామో పోల్చితేనే కదా కనిపించేది.

బట్టీ సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే మన రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలోని "చట్టం నిర్దేశించిన పద్ధతి" జపాన్ నుంచి వచ్చిందని రాస్తే మార్కు పడుతుంది. చట్టం న్యాయంగా ఉందో లేదో కూడా కోర్టులు చూసే అమెరికా "డ్యూ ప్రాసెస్" ఎందుకు వద్దనుకున్నామో ఎవరూ అడగరు. అడిగితే, మన రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసిన దగ్గర మొదలుపెట్టాలి, ఒక పీరియడ్ చాలదు.