పిండం ముందా, పురాణం ముందా?

పదో రోజు. చెరువు గట్టు మీద విస్తరాకులో పిండం పెట్టి అందరూ పది అడుగులు వెనక్కి జరిగారు. కాకి చింతచెట్టు మీదే కూర్చుంది, దిగి రాదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. "ఆయనకి మిరపకాయ బజ్జీలంటే ప్రాణం, అవి పెట్టారా?" అని ఒకరు. "చిన్నపిల్ల పెళ్లి గురించే బెంగ. మేం చూసుకుంటామని చెప్పండిరా" అని ఇంకొకరు. పెద్దకొడుకు చేతులు జోడించి పైకే చెబుతాడు. కాకి దిగుతుంది. అప్పటిదాకా ఉన్న టెన్షన్ పోయి అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇలాంటి గట్టు మీద మీరూ ఎప్పుడో నిలబడే ఉంటారు. అక్కడే ఆ కాకి ఎవరని అడిగి చూడండి. పితృదేవతలకు ప్రతినిధి అంటాడు పురోహితుడు. అన్నయ్యే వచ్చాడంటుంది మేనత్త. పక్షులకు నాలుగు మెతుకులు పడాలని పెద్దలు పెట్టిన ఏర్పాటు అంటాడు ఇంజనీరింగ్ చదివే మనవడు. "ఏమో, చెయ్యాలి కదా" అంటాడు బావమరిది. నలుగురివీ నాలుగు జవాబులు. కానీ కాకి వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు.

మతం ఎలా పుట్టిందనే చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ గట్టే గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ చర్చలో అందరం నమ్మకాల గురించే మాట్లాడతాం. తప్పు మన మాటలోనే ఉంది. మతం అంటే అసలు అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఆ అర్థమే పలుకుతుంది. పేరే అభిప్రాయం కాబట్టి, ఆదిమానవుడికి ముందు ఏదో అభిప్రాయం కలిగి, తర్వాత దానికి తగ్గట్టు పూజ మొదలుపెట్టాడని అనుకుంటాం. ఊళ్లో మాటలు వేరు. మొక్కు, నోము, కొలుపు, జాతర. అన్నీ చేసేవే.

మనకు బాగా అలవాటైన కథ ఒకటుంది. ఉరుము ఉరిమింది, పిడుగు పడింది, గుహలో మనిషి వణికాడు, పైన ఎవడో ఉన్నాడనుకున్నాడు, దండం పెట్టాడు. హేతువాద ఉపన్యాసాల్లోనూ ఇదే, పదో తరగతి వ్యాసాల్లోనూ ఇదే. దీపావళి బాంబులకు మా వీధి కుక్క కూడా మంచం కిందకి దూరుతుంది. మొక్కు మాత్రం మొక్కుకోదు. భయం ప్రతి జంతువుకూ ఉంది. మనిషి ఒక్కడే ఇంకేదో ఎందుకు చేశాడన్నది భయంతో తేలదు.

తేల్చడానికి మన దగ్గరున్న సాక్ష్యాలూ నమ్మకాలవి కావు. నమ్మకం మట్టిలో మిగలదు, చేసిన పని మిగులుతుంది. ఇజ్రాయెల్‌లో నజరేతు దగ్గర కఫ్జే గుహ ఉంది. అక్కడ 90 వేల ఏళ్లకు పైబడిన సమాధుల్లో ఒకటి పన్నెండు పదమూడేళ్ల వయసు వారిది. పుర్రె మీద పాత దెబ్బ ఉంది. చిన్నప్పుడే తలకు పెద్ద గాయమై, ఆ తర్వాత కొన్నేళ్లు బతికిన బిడ్డ. దెబ్బ మెదడుకు తగిలింది కాబట్టి అందరు పిల్లల్లా ఉండి ఉండదు. ఎవరో సాకారు. చనిపోయాక గుంట తీసి వెల్లకిలా పడుకోబెట్టి, జింక కొమ్ములు తెచ్చి ఎదురురొమ్ము మీద, చేతులకు ఆనేలా ఉంచారు. ఆ కొమ్ములకు అర్థమేమిటో వాళ్లకైనా ఒక్కటే జవాబు ఉండేదా? పిండం గట్టు మీది నలుగురిలాగే వాళ్లూ తలో మాట చెప్పేవాళ్లేమో.

రష్యాలో సుంగీర్ దగ్గర దొరికిన ఇద్దరు పిల్లల సమాధి సుమారు 34 వేల ఏళ్ల నాటిది. మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు) దంతంతో చేసిన పూసలు వేల కొద్దీ వాళ్ల ఒంటి మీద ఉన్నాయి. ఒక్కో పూసా చేత్తో చెక్కి బెజ్జం వేసింది. మంచులో బతికే గుంపు అన్ని రోజుల కష్టాన్ని మట్టిలో పెట్టేసింది.

ఇలాంటి చోట మనకు కావాల్సింది చూసేయడం కూడా సులువే. ఇరాక్‌లోని షానిదార్ గుహలో 1960లో ఒక నియాండర్తల్ (మనకు దగ్గరి, అంతరించిపోయిన మానవజాతి) అస్థిపంజరం, దాని చుట్టూ పూల పుప్పొడి దొరికాయి. శవం మీద పూలు చల్లారని ప్రపంచమంతా పొంగిపోయింది. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు, ఆ పుప్పొడిని బొరియలు తవ్వే ఎలుకజాతి జీవులో, నేలలో గూడు కట్టే తేనెటీగలో తెచ్చి ఉండొచ్చన్నారు. అందుకే ఆ పూల మీద నేను వాదం నిలబెట్టను.

పాలస్తీనాలోని జెరికోలో 1953లో పురావస్తు శాస్త్రవేత్త కేథలిన్ కెన్యాన్ బృందానికి దొరికిన పుర్రెల మీద మాత్రం అనుమానం లేదు. 9 వేల ఏళ్లు పైబడినవి. చనిపోయినవాళ్ల తల తీసి, సున్నపు గారతో మళ్లీ ముక్కు, చెంపలు దిద్ది, కళ్ల చోట గవ్వలూ చిప్పలూ అమర్చారు. అదే కాలంలో శవాలను ఇంటి నేల కిందే పూడ్చేవాళ్లు. పైన వంట, పడక, పిల్లల ఆటలు. కింద తాత. హాల్లో దండ వేసిన ఫోటోకు చిన్న బల్బు వెలిగించుకునే మనకు ఇది మరీ వింతగా ఉండక్కర్లేదు.

దీన్నిబట్టి పూర్వీకుల పూజే మతానికి మొదలని తేల్చేయాలనిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ అదే అన్నాడు. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో ఆత్మల మీద నమ్మకమే మూలమన్నాడు. 2016లో 33 వేట-సేకరణ సమాజాలను పోల్చిన అధ్యయనం టైలర్‌కే కొంత దగ్గరగా వచ్చింది. చెట్టుకూ పుట్టకూ జంతువుకూ ప్రాణం, మనసు ఉన్నాయనుకోవడం అన్నిటికంటే పాతదనీ, పూర్వీకుల పూజ ఆ తర్వాతదనీ, మన వ్యవహారాల్లో కలగజేసుకునే పెద్ద దేవుడు తొలినాళ్లలో లేడనీ అది తేల్చింది. నాకు దీనితో పేచీ లేదు. కాకపోతే ఆ సమాజాలన్నీ మన కాలానివే. ఆస్ట్రేలియాకు ఎన్నడూ వెళ్లని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త డర్కైమ్ 1912లో అక్కడి ఆదివాసుల గణచిహ్నాల్లో (ఒక్కో తెగ తనదిగా కొలిచే జంతువు, చెట్టు లాంటి గుర్తుల్లో) మతానికి తొలి రూపం చూశానన్నాడు. ఆదివాసులేమీ ఆదిమానవుల ఫోటో ఆల్బం కాదు. మనకు ఎంత చరిత్ర ఉందో వాళ్లకూ అంతే ఉంది.

పని ముందు, కథ తర్వాత అనడానికి టర్కీలోని గోబెక్లి తెపే ఇంకో పెద్ద ఆధారం. 1995లో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త క్లాస్ ష్మిత్ తవ్వకం మొదలుపెట్టాడు. సుమారు 11,500 ఏళ్ల కిందట, వ్యవసాయం ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో, వేటగాళ్లు ఐదున్నర మీటర్ల రాతి స్తంభాలు చెక్కి నిలబెట్టారు. వాటి మీద నక్కలు, పాములు, తేళ్లు, రాబందులు. అది గుడే, ఊరు కాదన్నాడు ష్మిత్. తర్వాత ఇళ్ల ఆనవాళ్లూ బయటపడ్డాయి కాబట్టి ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా నిలవదు. అయినా అన్ని టన్నుల రాయిని లాగాలంటే వందల చేతులు పడాలి, వాళ్లందరికీ మాంసం వండాలి. ఆ వంట ఎముకలు గుట్టలుగా దొరికాయి. ఒక రకంగా జాతరే.

మన దగ్గర పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బ ఉంది. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వితే అక్కడ నాలుగున్నర వేల ఏళ్లు పైబడిన పశువుల దొడ్డి, నేలలో పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. పేడ గుట్టలు పోసి మళ్లీ మళ్లీ తగలబెట్టిన బూడిద అది. ఊరికే తగలబెట్టలేదనీ, సంక్రాంతి, హోలీ మంటల్లో ఆ అలవాటు జాడ ఉండొచ్చనీ ఆయన ఊహించాడు. భోగి పిడకల దండ చూసినప్పుడల్లా ఆ ఊహను నమ్మాలనిపిస్తుంది. రుజువైతే లేదు. హంపి పక్కన నింబాపురంలోనూ ఇలాంటి దిబ్బే ఉంది. అక్కడివాళ్లు దాన్ని వాలిని కాల్చిన బూడిద అంటారు. తగలబెట్టినవాళ్లూ పోయారు, వాళ్లు చెప్పుకున్న కారణమూ పోయింది. మిగిలిన బూడిదకు రామాయణం వచ్చి పేరు పెట్టింది.

తప్పు చేస్తే శిక్షించే దేవుడు, గ్రంథం, సిద్ధాంతం చాలా ఆలస్యంగా వచ్చాయి. మెసొపొటేమియాలో సుమారు 5,300 ఏళ్ల కిందటి తొలి మట్టి పలకల మీద ఉన్నవి స్తోత్రాలు కావు, ఎక్కువగా బార్లీ, బీరు, గొర్రెల లెక్కలు. పెద్ద రాజ్యాలు ముందా, పెద్ద దేవుళ్లు ముందా అన్నది ఇంకా తెగలేదు. రాజ్యాలే ముందని 2019లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధనను 2021లో రాసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు.

కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాలలో నిలువురాళ్లున్నాయి. మూడు వేల ఏళ్లకు ముందే ఎవరో నిలబెట్టినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వాటిలో ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. నిలబెట్టినవాళ్లకు ఆ పేరు తెలిసే అవకాశం లేదు. ఇప్పుడు మూడో మాట కూడా వినిపిస్తోంది. అది ఆకాశాన్ని పరిశీలించే చోటట.