మహారాజశ్రీ తేలికపాటి మ్యాగ్నమ్ రైఫిల్ గారికి

కొలరాడోలో ఉద్యోగం చేసుకుంటూ, అక్టోబర్ రాగానే నారింజ రంగు చొక్కా తొడుక్కుని ఎల్క్ అనే పెద్ద జింక వేటకు బయల్దేరే ఒక తెలుగువాడు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. తమరు కుశలమే. మా టీమ్‌లో తమరిని కొన్న పెద్దమనిషి భుజం గురించే ఈ ఉత్తరం.

తమరి సొగసు గురించి ఎంత చెప్పినా తక్కువే. భుజానికి ఆనించే కార్బన్ ఫైబర్ స్టాక్, తూటాని పట్టి పేల్చే టైటానియం యాక్షన్, సన్నటి బారెల్. ఆరు పౌండ్లు, స్కోపు బిగిస్తే ఏడు. షాపులో చూపుడు వేలి మీద నిలబెట్టి చూపించారట. అక్కడ పేల్చి చూపించే సౌకర్యం లేదు కాబట్టి బేరం హాయిగా కుదిరింది.

కాల్పులు సాధన చేసే రేంజిలో తమరి అసలు రూపం చూశాం. తమరు మింగేది 300 విన్‌మ్యాగ్, అంటే విన్చెస్టర్ మ్యాగ్నమ్ అనే బలమైన తూటా. అందులో 180 గ్రెయిన్ల (దాదాపు 12 గ్రాముల) గుండు సెకనుకు 900 మీటర్ల వేగంతో బయటికి వెళ్తుంది. దాంతోపాటు కాలిన మందు, దాదాపు 70 గ్రెయిన్లు, గుండుకన్నా వేగంగా ఎగజిమ్ముతుంది. దీన్ని లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ. ఈ రెండూ కలిసి ముందుకు ఎంత తోస్తే వెనక్కి అంత తోపు రావాలి. అందులో న్యూటన్ గారు డిస్కౌంట్ ఇవ్వరు. తూటా అదే అయితే, తుపాకీ బరువు సగమైతే తన్ను శక్తి, అంటే ఆ వెనక్కి వచ్చే దెబ్బ, రెట్టింపు. స్కోపుతో తొమ్మిదిన్నర పౌండ్లు తూగే పాత చెక్క రైఫిల్‌లో ఇదే తూటా సుమారు 25 అడుగు-పౌండ్ల (శక్తికి కొలత) దెబ్బతో తంతుంది. తమరు 33 దాటిస్తారు. పిట్ట కొంచెం, కూత ఘనం.

మొదటి గుండుకే మావాడి కనుబొమ్మ పైన స్కోపు అంచు అర్ధచంద్రాకారంగా దిగింది. రైఫిల్ ఆనించే బల్ల మీదికి వంగి కూర్చుని కన్ను స్కోపుకి ఆనించాడు పాపం. నిలబడి కాలిస్తే ఒళ్లు కాస్త వెనక్కి ఊగి తన్నుని మింగుతుంది. బల్ల దగ్గర ఊగే వీలుండదు, అంతా భుజానికే. సోమవారం ఆఫీసులో తలుపు తగిలిందన్నాడు. మేమూ తలుపుని తిట్టాం.

మరో వారం, మావాడికి చెప్పకుండా, తూటాల మధ్య ఒక డమ్మీ, అంటే పేలని ఉత్తుత్తి తూటా, పెట్టాను. ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది, అంతే. పేలింది లేదు, తన్నింది లేదు. కానీ బారెల్ మూతి నాలుగంగుళాలు కిందికి వంగింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, పళ్లు బిగుసుకున్నాయి. గుండు గురి తప్పి ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది. తమరు తన్నకముందే భయం తన్నేస్తోంది.

తమరి సేవకి బోలెడు సరుకులు అమ్ముతారు. మెత్తటి రబ్బరు ప్యాడ్ మంచిదే. శక్తిని తగ్గించదు కానీ, దెబ్బని కాస్త ఎక్కువసేపు, కాస్త ఎక్కువ చోట పరుస్తుంది. స్టాక్ పొడవు మనిషి చేతికి సరిపోతే ఇంకా మేలు. మజిల్ బ్రేక్ సంగతి వేరు. మూతి దగ్గర వాయువుని పక్కలకి మళ్లించి తన్నుని నిజంగానే బాగా తగ్గిస్తుంది. బదులుగా ఆ మోత పక్క బల్లవాడికి పంచిపెడుతుంది. మావాడు బ్రేక్ బిగించిన రోజు ఎడమ పక్కాయన కాఫీ కప్పు పట్టుకుని మౌనంగా చివరి బల్లకి వలస వెళ్లిపోయాడు.

ఒక్క సరుకు మాత్రం మావాడు కొనడు: చిన్న తూటా. తమరంత బరువున్న రైఫిల్‌లోనే 6.5 క్రీడ్‌మోర్ అనే చిన్న తూటా పెడితే తన్ను 15 అడుగు-పౌండ్ల దగ్గర ఆగుతుంది, సగం కూడా కాదు. ఎల్క్‌కి కొలరాడో చట్టం అడిగేది కూడా తక్కువే: కనీసం 24 క్యాలిబర్ (దాదాపు ఆరు మిల్లీమీటర్ల వెడల్పు), 85 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర ఆ గుండుకి 1000 అడుగు-పౌండ్ల శక్తి. ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని పడగొట్టాడు, చాలావాటిని 275 రిగ్బీ అనే చిన్న తూటాతోనే. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కి బహుమతిగా వచ్చిన రైఫిల్ కూడా ఆ 275దే. వాళ్లకి గుండు ఎక్కడ తగలాలో తెలుసు. కానీ క్యాంపులో నలుగురి మధ్య చిన్న తూటా పేరు చెప్పడం మావాడికి నామోషీ.

నిజం ఒప్పుకోవాలి. పదివేల అడుగుల పైన, ఊపిరి అందని చోట రోజంతా మోస్తే రెండున్నర పౌండ్ల తేడా ప్రాణానికి హాయే. ఏడాదికి ఒక్క గుండు కాల్చే కొండగొర్రెల వేటగాడికి తమరు తగినవారే. ఏడాదంతా ప్రాక్టీసు చేయాల్సిన మాలాంటి కీబోర్డు భుజాలతో తమరికి పొత్తు కుదరదు.

ఈ ఉత్తరం తమరి పాత చిరునామాకి పంపడం లేదు. మావాడు తమరిని దిగబెట్టి వచ్చిన షాపు సెకండ్‌హ్యాండ్ అరకే పంపుతున్నాను. నిన్న అటు వెళ్లినప్పుడు తమరి మెడలో చీటీ చూశాను: "దాదాపు కొత్తది. 20 తూటాల పెట్టె ఉచితం, అందులో 16 ఉన్నాయి."

ఇట్లు,
చివరి బల్ల దగ్గరి తెలుగువాడు