కట్టె కులాసా, చేపకు దిష్టి

చేపల ట్యాంకులో అలంకారానికి పెట్టే మలేషియా కట్టెకు కర్నూలులో కరువు లేదు. అక్వేరియం షాపు అద్దం మీద 'ఇంపోర్టెడ్ డ్రిఫ్ట్‌వుడ్' అని స్టిక్కర్ పడితే చాలు, సుంకేసుల దిగువన తుంగభద్ర ఒడ్డుకు కొట్టుకొచ్చిన మొద్దుకు రాత్రికి రాత్రే వీసా వచ్చేస్తుంది. ఇందులో మనకేమీ అభ్యంతరం లేదు. నెలల తరబడి ఏట్లో నాని, బెరడు ఊడి, పసరంతా పోయిన కట్టె ఓడెక్కి వచ్చినదానికి ఏమాత్రం తీసిపోదు. మన గొడవల్లా దాని మీద తళతళలాడే వార్నిష్‌తోనే.

అవును, వార్నిష్. బతుకంతా నీళ్లలో మునిగి ఉండాల్సిన కట్టెకు టేకు సోఫాకు కొట్టినట్టు పాలిష్ కొడతారు. పైగా సరుకు అమ్మేది కిలో లెక్కన కాబట్టి దాన్ని పూర్తిగా ఎండబెట్టేంత అమాయకులు ఆ వ్యాపారంలో ఉండరు. కొన్నవాడి సంచిలో సగం బరువు తుంగభద్రదే. తడి మీద పూసిన పాలిష్ ట్యాంకులోకి దిగాక పొక్కులు లేచి పొరలు పొరలుగా ఊడుతుంది. తేలే ప్రతిదీ మేతే అనుకునే గోల్డ్‌ఫిష్ ఆ పొరను నోట్లో వేసుకుంటుంది. ఒక కొమ్మను ఇంకో కొమ్మకు కలిపి ఇనుప మేకు కొట్టి, పైన రంపపు పొట్టు, జిగురు రాసిన 'డిజైనర్ పీస్' సంగతి సరేసరి. తుప్పు నీళ్లలోకి, రేటు ఆకాశంలోకి.

కనిపెట్టడం పెద్ద విద్య కాదు. గోటితో గట్టిగా నొక్కాలి. గుంట పడితే లోపల కుళ్లింది, అక్కడే వదిలేయాలి. గీకితే గోట్లో మెరుపు పొర వస్తే అది పాలిష్. విరిచిన చోట పచ్చిగా, జిగటగా ఉంటే ఇంకా ఎండలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన రావాలి, టర్పెంటైన్ వాసన కాదు. చివరగా షాపులోనే బక్కెట్ నీళ్లు అడిగి అందులో వేయాలి. మలేషియన్ అనీ, ఆఫ్రికా మోపానీ అనీ అమ్మే కట్టె బరువైనది, మునగాలి. తేలితే దాని ఊరు మలేషియా కాదు. స్పైడర్‌వుడ్ అనే సన్నకొమ్మల వేరు మాత్రం నిజమైనదైనా మొదట్లో తేలుతుంది, దాన్ని అనుమానించొద్దు.

సంతలో కోడెదూడకు పళ్లు లెక్కపెట్టి, తోక ఎత్తి చూసి, నాలుగడుగులు నడిపించి కొనే మనుషులు ఇక్కడికొచ్చేసరికి గోరు కూడా కదపరు. ఇక్కడ ఎంపిక వేరే శాస్త్రం ప్రకారం జరుగుతుంది.

"ఇట్ల తిప్పి చూడన్నా, నాగపడగ!" అంటాడు షాపతను.

"పడగేంది బావా, ఈ పక్కనుంచి చూస్తే తొండం మాదిరి ఉండాది," అంటాడు వెంట వచ్చిన బామ్మర్ది.

తొండం అన్న మాట చెవిన పడగానే తక్కెడలో కట్టె బరువు మారదు గానీ కిలో ధర మారుతుంది. తొండమైతే ఈశాన్యానికి తిరిగుండల్లనా, ఉత్తరానికా అని పావుగంట చర్చ. రెండడుగుల ట్యాంకులో నీళ్లు మహా అయితే 55 లీటర్లు, అందులో ఇంత మొద్దు పెడితే చేప ఎక్కడ ఈదాలి అన్న ప్రశ్న మాత్రం ఈ సభలో రాదు. అంత ట్యాంకుకు 25, 30 సెంటీమీటర్ల కట్టె ఒక్కటి చాలు. నాలుగు పక్కలా అద్దం శుభ్రం చేయడానికి చెయ్యి పట్టాలి. కొనలు వాడిగా ఉంటే గీకి మొద్దు చేయాలి. ఇవన్నీ దైవకార్యం ముందు చిల్లర విషయాలు.

కట్టె ఇంటికొస్తుంది. ఉడికించడం లేదు, నానబెట్టడం లేదు. ట్యాంకు అద్దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి నేరుగా స్థాపన. అర్ధరాత్రికి గణపతి పైకి తేలతాడు. కె.సి. కెనాల్ వినాయక ఘాట్‌లో ఏటా మునిగే స్వామి ఇక్కడ మాత్రం తేలుతున్నాడంటే అది మహిమే గదా అని వాట్సాప్‌లో ఫోటో. తెల్లారాక బామ్మర్ది వచ్చి మహిమను కడప బండకు కట్టి అడుక్కు దించుతాడు.

ఈ కడప బండ దగ్గర కాస్త ఆగాలి. కట్టె ఎందుకు కొన్నారయ్యా అంటే, నీళ్లలో ఆమ్లం పెంచుతుంది, పీహెచ్ దిగుతుంది, టెట్రాలనే చిన్న చేపలకు మంచిది అంటారు. దానికి కట్టిన రాయేమో సున్నపురాయి. వంటగట్టు మీద నిమ్మకాయ పిండితే మచ్చపడే ఆ నల్ల బండే ఇది. బేతంచెర్ల బండదీ అదే జాతి. పైన కట్టె పీహెచ్ దించుతుంటే కింద బండ ఎక్కిస్తూ ఉంటుంది. బరువే కావాలంటే గ్రానైట్ ముక్క కట్టొచ్చు, స్టెయిన్‌లెస్ స్క్రూతో బిగించొచ్చు. అసలు మన బోరు నీళ్లకు ఈ యుద్ధమే దండగ. కొళాయి మూతికి తెల్ల చారలు కట్టే నీళ్లలో కార్బొనేట్లు అంత ఎక్కువున్నప్పుడు ఒక కట్టె వదిలే కాస్త టానిన్ అనే వగరు పదార్థం పీహెచ్‌ను ఇంచు కూడా కదపలేదు. కట్టె నీళ్ల కఠినత్వాన్ని తీసేయదు. ఆ పని కావాలంటే ఆర్వో నీళ్లు కలపాలి.

ఇక చెట్టు కొట్టి సొంతంగా తయారుచేసే వీరులు. బాగా ఎండి బెరడు తీసిన జామ మంచిదే. కానీ మనవాళ్ల కన్ను వేప మీదే పడుతుంది. ఔషధం కదా! పురుగును చంపే వేప, చేపను చూడగానే నాయనమ్మలా వైద్యం మొదలుపెడుతుందా? గన్నేరు నిలువెల్లా విషం. కాడజెముడు పాలు, కానుగ వేర్లు పూర్వం చేపలను మత్తెక్కించి పట్టడానికి చెరువుల్లో వేసేవాళ్లు. వాటినే తెచ్చి ట్యాంకులో అలంకారం చేస్తే అది అక్వేరియం కాదు, వేట. ఏటి కట్టెకైనా ఇదే లెక్క, ఏ చెట్టుదో తేల్చుకోకుండా దించొద్దు.

మంచి కట్టె దొరికాక పని ఇంతే. బ్రష్‌తో రుద్ది, గంటా రెండు గంటలు ఉడికించి, నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించాలి. గిన్నెలో పట్టకపోతే మరిగే నీళ్లు పోసి టబ్బులో రెండు వారాలు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. సబ్బు, సర్ఫు దగ్గరికి రానీయొద్దు. ఇంత చేసినా నీళ్లు కొన్నాళ్లు పల్చటి టీ రంగులో ఉంటాయి. ఆ రంగుతో చేపకు హాని లేదు. వారానికి పావు వంతు నీళ్లు మారుస్తూ, ఫిల్టర్‌లో కొంచెం యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే తగ్గుతుంది. కొత్త కట్టె మీద దూది లాంటి తెల్లని పొర వస్తుంది. అదీ ప్రమాదం కాదు, బ్రష్‌తో తోసి పైపుతో లాగేస్తే రెండు మూడు వారాల్లో ఆగిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం కట్టె బయటికి.

కానీ షాపుకు ఫోన్ చేస్తే వచ్చే సలహా వేరు. "తెల్లగా వచ్చిందా? ఫంగస్ అన్నా. నీలం మందు ఎయ్యి. నీళ్లు ఎర్రగైనాయా? అంతా తీసేసి కొత్తవి పట్టు." అంతా తీసేస్తారు. గులకరాళ్లు కడుగుతారు. ఫిల్టర్ స్పాంజి కొళాయి కింద పిండుతారు. చేప విసర్జించే అమ్మోనియాను అరాయించే బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనే, ఆ రాళ్లలోనే. అది పోయింది. పట్టిందేమో క్లోరిన్ కలిపిన మున్సిపల్ నీళ్లు. ఒక రోజు గాలి పెట్టి నిలవ ఉంచలేదు, రెండు చుక్కల యాంటీ క్లోరిన్ వేయలేదు. చేప పైకి వచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటుంది. మొప్పలు ఎర్రబడతాయి. తెల్లారేసరికి పక్కకు వాలి ఉంటుంది.

అప్పుడొస్తుంది ఆ మాట: "ఇంటికి రావాల్సిన దిష్టి చేప తీసుకుపోయిందిలేన్నా."

సిగ్గుండాలి. ఆ చేపకు ఏ దిష్టీ తగల్లేదు. దానికి తగిలింది మీ వార్నిష్, మీ క్లోరిన్, మీ బద్ధకం. మీ ఇంటి గండం మోయడానికి అది ఒప్పుకుని రాలేదు. ప్లాస్టిక్ కవర్లో రబ్బరు బ్యాండు వేసి కట్టి ఇస్తే వచ్చింది. రెండు గంటలు కట్టె ఉడికించడానికి గ్యాస్ దండగన్నవాళ్లే, రాత్రంతా ఊపిరాడక కొట్టుకుని చచ్చిన ప్రాణాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, మనకు మంచే జరిగిందని చేతులు కడుక్కుంటారు. చంపి, పైగా దాని చేతే పుణ్యం చేయించుకుంటారు.

ఆ ఆదివారమే బావా బామ్మర్దీ మళ్లీ షాపు మెట్లెక్కుతారు. షాపతను కుర్చీలోంచి లేవకుండానే నవ్వుతాడు.

"కట్టె బాగుండాదా అన్నా?"

"దానికేమప్పా, కొత్తదాని మాదిరి మెరుస్తా ఉండాది. రెండు జతల చేపలియ్యి."