ఎగుమతి, దిగుమతి

మా ఊళ్లో ఎత్తంటే గోదావరి గట్టు. అంతకన్నా ఎత్తు కావాలంటే జొన్నాడ వంతెన ఎక్కాలి. అదీ చాలదంటే కొబ్బరిచెట్టు. చదువు పూర్తయ్యేదాకా నా దృష్టిలో కొండంటే అన్నవరమే. మెట్లుంటాయి, మెట్ల చివర సత్యనారాయణస్వామి ఉంటాడు, ఆయన దగ్గర ప్రసాదం ఉంటుంది. ప్రసాదం లేని కొండ ఎక్కాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

అలాంటిది, కొండ మీంచి కిందికి సైకిలు మీద రావడానికి మనుషులు డబ్బులు కడతారని మా బావమరిది చెబితే, కట్టేది కొండవాళ్లా, తొక్కేవాళ్లా అని రెండుసార్లు అడిగాను.

"మనవే కట్టాలండి బావగారూ," అన్నాడు.

మావాడిది మహా మర్యాద. అమెరికా వచ్చి ఎనిమిదేళ్లయినా "అండి", "ఆయ్" వదల్లేదు. నన్ను గోతిలోకి తోసినా చెయ్యి పట్టుకుని, జాగ్రత్తండి అంటూనే తోస్తాడు.

మా శాన్ హోసే నుంచి నాలుగు గంటలు కారులో వెళ్తే టాహో సరస్సు. సరస్సు నీళ్లే సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంటాయి. చుట్టూ ఉన్న కొండల సంగతి చెప్పక్కర్లేదు. 1960లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగిన తావు. చలికాలం వచ్చిందంటే కాలిఫోర్నియా సగం కాళ్లకి స్కీ అనే చెక్కలు కట్టుకుని అక్కడే మంచు మీద జారుతూ ఉంటుంది. వేసవిలో మంచు కరుగుతుంది. కరిగాక మిగిలేవి ఏమిటి? కొండ, దాని మీద తాడుకి కుర్చీలు వేలాడే లిఫ్టు, లిఫ్టు మీద అప్పు.

మన కల్యాణమండపాల వాళ్లకి ఆషాఢంలో వచ్చే కష్టం ఇదే. ముహూర్తాలుండవు, హాలు ఖాళీ. ఏం చేస్తారు? చేనేత చీరల ఎగ్జిబిషన్ పెట్టిస్తారు. వధూవరుల కుర్చీలుండే చోట మంగళగిరి చీరలు, వంటశాలలో బెడ్‌షీట్లు. స్కీ కొండల వాళ్లు చీరల బదులు సైకిళ్లు పెట్టారు. చలికాలంలో స్కీ వాళ్లని మోసిన లిఫ్టే వేసవిలో సైకిళ్లని మోస్తుంది. పైకి లిఫ్టు మోస్తుంది, కిందికి భూమ్యాకర్షణ మోస్తుంది. "తొక్కే పనే లేదండి," అన్నాడు మావాడు. అక్కడే నేను పడిపోయాను. అంటే, మొదటిసారి.

దారి పొడుగునా ఈ మౌంటెన్ బైకింగ్ ఆట స్థలపురాణం వినిపించాడు. ఇది పెరిగింది మా ఇంటికి కాస్త ఉత్తరాన, మెరీన్ కౌంటీలోనేనట. 1976లో టామల్‌పాయిస్ కొండ పక్కన కొంతమంది కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లేసుకుని మట్టిరోడ్డు మీద పైనుంచి కిందికి పందేలు పెట్టుకున్నారు. వాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజంతా మాడి పొగయిపోయేది. ప్రతిసారీ హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. అందుకని ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పెట్టారు. రిపేరు పేరు పెట్టుకున్న ఆట ఇది. నేనక్కడే కారు వెనక్కి తిప్పించాల్సింది. కానీ వెనక సీట్లో మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీసింది. ఆలోచన అటు మళ్లింది.

కొండ కింద అద్దె కొట్టు. అక్కడ సంతకం పెట్టాల్సిన కాగితంలో "మరణం" అన్న మాట మూడు చోట్ల కనిపించింది. ఇంటి అప్పు కాగితాలు చదవకుండా సంతకం పెట్టినవాణ్ని, ఇదో లెక్కా? మోకాళ్లకి చిప్పలు, మోచేతులకి చిప్పలు, గడ్డం దాకా మూసే హెల్మెట్టు. అద్దంలో చూసుకుంటే గోగ్రహణానికి బయల్దేరిన ఉత్తరకుమారుడిలా ఉన్నాను. ఈ బకిల్సన్నీ పెట్టుకునే హడావుడిలో అద్దె కుర్రాడు బ్రేకుల గురించి ఏదో చెప్పాడు. సైకిలు బ్రేకుల గురించి నాకు చెప్పేదేమిటని తలూపాను. ఈ తలూపుడు గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ సైకిలు. ముందు ఫోర్కు దెబ్బ తగిలితే జానెడు కుంగుతుంది, 20 సెంటీమీటర్లట. అంత స్ప్రింగు మా ఊరి ఆర్టీసీ బస్సుకి లేదు. క్యారేజీ లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు, గొలుసు మీద రేకు లేదు. మా ఊళ్లో ఇన్ని లేని సైకిలు కనిపిస్తే, ఎవరో ఒక్కొక్కటీ ఊడదీసుకుపోయారని జాలిపడతాం. సీటుంది గానీ, దాని మీద కూర్చోకూడదట.

"ఏవండీ, ఇన్సూరెన్సు ప్రీమియం కట్టారా?" అంది మా ఆవిడ, చెట్టు నీడన దుప్పటి పరుచుకుంటూ. కట్టానన్నాను. "అయితే వెళ్లిరండి."

లిఫ్టు కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ల మీద ఒక్కటిచ్చి కూర్చోబెట్టింది. మా సైకిళ్లు ముందు కుర్చీ వెనక కొక్కేలకి వేలాడుతూ పోతున్నాయి. పావుగంట ప్రయాణం, కింద లోయ. మాట్లాడకపోతే భయమేస్తుందని, ఈ లిఫ్టు ఎవడు కనిపెట్టాడురా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

1936లో ఐడహోలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ స్కీ రిసార్టు కట్టించింది. మనుషుల్ని కొండెక్కించడం ఎలాగన్నది సమస్య. ఆ కంపెనీలో జిమ్ కరన్ అని ఇంజినీరు ఉండేవాడు. ఆయనకి అంతకు ముందు అరటిగెలల్ని ఓడల్లోకి ఎక్కించే యంత్రాలతో పరిచయం. కదిలే తాడు, తాడుకి కొక్కేలు, కొక్కేనికో గెల. ఆయన కొక్కెం తీసేసి కుర్చీ తగిలించాడు. గెల స్థానంలో మనిషిని కూర్చోబెట్టాడు.

వేరే ఎవరికైనా ఇది తమాషా సంగతి. నాది రావులపాలెం. మా అరటి మార్కెట్టు నుంచి రోజూ ఎన్ని లారీలు పోతాయో చూస్తూ పెరిగినవాణ్ని. గెల జీవితంలో ఉండేవి రెండే ఘట్టాలు. లారీలోకి ఎక్కిస్తే ఎగుమతి, దించితే దిగుమతి. ఈ రెంటిలో ఏదైనా సరే, గెలని ఎవరూ ఏమీ అడగరు. కుర్చీ కడ్డీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

పైన పెద్ద పటం. ఆకుపచ్చ గుండ్రం సులువు, నీలం చదరం మధ్యరకం, నల్ల డైమండు కష్టం. రెండు నల్ల డైమండ్లుంటే వెనక్కి రావడం.

"గ్రీనులో వెళ్దావండి. చిన్నపిల్లలు కూడా వెళ్లిపోతారు," అన్నాడు మావాడు.

ఆ చివరి వాక్యం అనకుండా ఉంటే ఈ కథే లేదు. సీటు అందని వయసులో ఫ్రేము సందులోంచి కాలు దూర్చి గట్టు మీద సైకిలు తొక్కినవాణ్ని. వెనక బియ్యం బస్తా, ముందు కడ్డీ మీద చెల్లెలు, అయినా కాలవలో పడలేదు. (ఒకసారి పడ్డాను. బస్తా తడవలేదు.) "నీలమే," అన్నాను.

నీలమంటే ఏ కొండకైనా ఒకటే నీలం కాదని నాకు తర్వాత తెలిసింది. ప్రతి కొండా తన దారుల్ని తనలో తనే పోల్చుకుని రంగులేసుకుంటుందట. ఒకచోట నీలం ఇంకోచోట నలుపుతో సమానం కావచ్చు. గుంటూరు హోటల్లో "మీడియం కారం" అని నమ్మి తిన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

"వెనకాలే వచ్చేయండి," అని మావాడు బయల్దేరాడు. ఆగస్టు నెల, నెలల తరబడి చినుకు లేదు, దారంతా పిండిలాంటి దుమ్ము. ఆ దుమ్ములో మావాడు మూడు సెకన్లు కనిపించాడు, తర్వాత దుమ్మే మిగిలింది.

మొదటి మూడు మలుపులు, నిజం చెబుతున్నా, అద్భుతంగా తిరిగాను. మలుపుకి బయటివైపు మట్టిని గోడలా పోసి ఉంచారు. సైకిలు దాని మీదికి ఒరిగి, తనే తిరిగి, తనే దిగింది. ఈలోగా వెనకనుంచి ఎవరో అరిచారు. పక్కకి తప్పుకుంటే, ఎనిమిదేళ్లుంటుందేమో, ఒక పిల్ల గాల్లో లేచి, నా ముందు దిగి, "థ్యాంక్యూ" అని వెళ్లిపోయింది.

ఆ పిల్లని అందుకుందామన్న ఆవేశంలో నాలుగో మలుపు దగ్గర రెండు బోర్డులు కనిపించాయి. ఒకటి మోకాలెత్తున, అరచేతంత, దాని మీద సైకిలు బొమ్మ. రెండోది స్తంభం మీద తాటిచెట్టుకి కట్టినంత ఎత్తున, పెద్దది, నీలం చదరంతో. చిన్నప్పటినుంచీ నేను పెద్ద బోర్డునే నమ్ముతాను.

అది స్కీ బోర్డు. చలికాలంలో అక్కడ నిలువెత్తు మంచు పేరుకుంటుంది కాబట్టి, మునిగిపోకుండా అంత ఎత్తున కడతారు. మంచు పోయింది, బోర్డు ఆకాశంలో మిగిలింది. స్కీ వాళ్లకి నీలమే. అక్కడ సైకిలు దారి అన్నదే లేదు. వెడల్పాటి వాలు, కొబ్బరికాయంత రాళ్లు, రాళ్ల మధ్య మోకాలెత్తు పచ్చపూల పొదలు, అక్కడక్కడా మంచు తయారుచేసే ఫిరంగులు పనిలేక తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి. ఇంకో సంగతి. ఆ వాలు సరిగ్గా లిఫ్టు కింద ఉంది. ఇద్దరేసి జనం, కొన్ని సెకన్లకో కుర్చీ చొప్పున, అక్షింతలు వెయ్యడానికి వచ్చే బంధువుల్లా వరసగా వచ్చి నన్ను చూసి పోతున్నారు.

సైకిలు వేగం అందుకుంది. ఇక్కడ మా నాన్నగారి ఉపదేశం గుర్తొచ్చింది. గట్టు దిగుడు దగ్గర వెనకనుంచి ఆయన అరిచేవారు: "ఒరేయ్, దిగుడులో కుడి బ్రేకు జోలికెళ్లకు, పల్టీ కొడతావు. ఎడవ బ్రేకే పట్టు!" ముప్పై ఏళ్లు నా ప్రాణం కాపాడిన మంత్రం. మన సైకిళ్లకి కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి.

అమెరికాలో తిరకాసు. ఎడమది ముందు చక్రానికి. అద్దె కుర్రాడు చెప్పింది అదే. నేను తలూపింది దానికే.

నాన్నగారి మాట జవదాటకుండా, ఎడమ బ్రేకు బలంగా పట్టాను.

ముందు చక్రం అక్కడే ఆగింది. మిగతా అందరం బయల్దేరాం. గాల్లో ఉన్నంతసేపూ టాహో సరస్సు తలకిందులుగా కనిపించింది, చాలా నీలంగా ఉంది. పచ్చపూల పొద మెత్తగానే పట్టుకుంది. సైకిలు నన్ను దాటుకుని ఇంకో నాలుగు మొగ్గలేసి ఫిరంగిని కొట్టుకుని ఆగింది.

లిఫ్టు మీంచి చప్పట్లు. ఈలలు. వాటి మధ్య స్పష్టంగా, మా యాసలో: "అయ్యబాబోయ్! పడ్డాడండీ!"

లేవబోతున్నవాణ్ని ఆగిపోయాను. ఎముకలేం విరగలేదని అప్పటికే తెలిసింది. కానీ ఇక్కడ తెలుగువాళ్లున్నారు. హెల్మెట్టు గడ్డం దాకా మూసి ఉంది, నేనెవరో తెలిసే వీల్లేదు. కదలకుండా బోర్లా పడుకుంటే ఏ దేశంవాడో తేలదు. ఆ కుర్చీ దాటిపోయేదాకా పూలల్లో మొహం పెట్టుకుని పడుకున్నాను. మనిషి కదలకపోయేసరికి పైనున్న ఎవరో కొండ మీద గస్తీ తిరిగే ప్రథమచికిత్స వాళ్లకి కబురు పెట్టారు.

వీపున మందుల సంచీతో ఒక అమ్మాయి వచ్చింది. తల కదలనివ్వకుండా పట్టుకుని, స్పృహ ఉందో లేదో చూసే ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు చెప్పాను. ఎక్కడున్నారంటే చెప్పాను.

"ఇవాళ ఏ వారం?"

ఇంట్లోంచి ఉద్యోగం చేసే మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా? నిజంగా తెలీదు. పంచె కట్టుకుని కూర్చున్నా మీటింగే, లుంగీలో ఉన్నా మీటింగే. ఆలోచించి "గురువారం?" అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. వేళ్లు చూపించింది, లెక్కపెట్టాను. మీతో ఎవరొచ్చారంది. మా ఆవిడ తమ్ముడన్నాను. "ఇటు రమ్మన్నది ఆయనేనా?" అని జాలిగా చూసింది. కాదని చెప్పాల్సింది. చెప్పలేదు.

ఈలోగా వాడే కిందనుంచి సైకిలు తోసుకుంటూ, రొప్పుతూ వచ్చాడు. చేతులు కట్టుకున్నంత పని చేశాడు.

"బావగారూ, తవరు ఇటెందుకు దయచేశారండి?"

సైకిలు వెనక గేర్లు పట్టే కొక్కెం వంగిపోయింది. దాని ఖర్చు సంగతి మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఈ వ్యాసం ఆవిడ చదవదు, పులిహోర గురించి పొగడలేదని మానేస్తుంది. నన్ను మాత్రం తొక్కద్దని, లిఫ్టులోనే దిగమని ఆ అమ్మాయి ఆజ్ఞ. స్కీ వాళ్లు దీన్ని డౌన్‌లోడ్ అంటారట. మా మార్కెట్టులో మంచి మాటే ఉంది.

అలా దిగుమతి మొదలైంది. లిఫ్టులో కిందికి వచ్చే మనిషిని నేనొక్కణ్నే. ఎదురుగా పైకెళ్లే ప్రతి కుర్చీ నా పక్కనుంచే పోతుంది. ప్రతి కుర్చీలో వాళ్లూ నా చిప్పల మధ్య ఇరుక్కున్న పచ్చపూలు చూసి, బొటనవేలెత్తి ధైర్యం చెబుతున్నారు. హెల్మెట్టు తియ్యలేదు.

సగం దారిలో, ఎదురు కుర్చీలోంచి అదే గొంతు. మొగుడూ పెళ్లాం, మళ్లీ ఇంకో రౌండుకి వెళ్తున్నారు.

"ఏవండీ! తెలుగువాళ్లేనాండీ?"

నా నడక చూసి గుర్తుపట్టడానికి నేను నడవడం కూడా లేదు. ఎలా తెలిసిందో. జవాబివ్వకూడదనే అనుకున్నాను. కానీ ఆయన వదల్లేదు: "ఏ ఊరండీ మీదీ?"

ఊరు అడిగితే చెప్పకుండా ఉండటం మా జిల్లా రక్తంలో లేదు.

"రావులపాలెవండీ!" నోరు జారింది.

"అయ్యబాబోయ్! మాది కొత్తపేటండీ!" ఆయన కుర్చీలో సగం లేచాడు. కుర్చీలు దాటిపోయాయి. వెనకనుంచి ఆవిడ గొంతు: "వీడియో తీశానండీ! నంబరు చెప్పండీ, పంపుతానూ!"

వినపడనట్టు కొండల వైపు చూశాను.

ఇంటిదారిలో రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను. అక్కడ పొద్దున్న టిఫిన్ల వేళ.

"ఏరా, కొత్తపేట వాళ్ల గ్రూపులోంచి మన వీధి గ్రూపులోకి ఏదో వీడియో వచ్చింది. పచ్చపూలల్లో పడ్డాడు చూడు, ఎవడో రావులపాలెం కుర్రాడంట."

"మొహం కనపడుతోందా అమ్మా?" అన్నాను.

"లేదురా, ఏదో బోర్లించుకున్నాడు. కానీ మీ నాన్నగారు చూడగానే మనవాడే అన్నారు." కాసేపు ఆగింది. వెనక ఆయన ఏదో చెబుతున్నారు. "ఒరేయ్, ఎడవ బ్రేకే పట్టావా అని అడగమంటున్నారు."

"ఎడవదే పట్టానని చెప్పమ్మా," అన్నాను.