కొండలే మన దగ్గరికొచ్చాయి కదండీ!

మా బావమరిది హైదరాబాద్ నుంచి ట్రెక్కింగ్ బూట్లతో దిగాడు. ఎక్కడో ఏటి ఒడ్డున పార్కు చూసొచ్చాడట. పాత వంతెనలు, చెట్ల మధ్య కాలిబాటలు, బాగా నచ్చేశాయి. "బావా, మీకు ఏకంగా గోదారే ఉంది. ట్రెక్కింగ్‌కి ఎక్కడికెళ్దాం?" అన్నాడు.

కోనసీమ వాణ్ణి పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా ఇది? మా ఊళ్లో ఎత్తైన శిఖరం ఏటిగట్టు. అది ఎక్కితేనే ఆయాసం. అయినా ఎక్కడెక్కడి కొండలనో కొన్ని వేల ఏళ్లు అరగదీసి, ఆ మట్టంతా మోసుకొచ్చి గోదారి మా కాళ్ల కింద పరిచింది. కొండే ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ కొండెక్కడం మర్యాదేనా?

సరే, చుట్టం. కారులో రాజమండ్రి తీసుకెళ్లాను. పుష్కరఘాట్ నుంచి హేవలాక్ వంతెన చూపించాను. 1900 నుంచి మద్రాసు రైళ్లను మోసింది, 1997లో రిటైరైంది. 56 స్పాన్లట, రెండున్నర కిలోమీటర్ల పైనే పొడవు. "దీని మీద నడుద్దాం" అన్నాడు. దీని మీద టూరిస్టులు నడుస్తారన్న మాట ఏళ్లుగా వింటున్నాం. ప్రస్తుతానికి ఆ మాట మీదే నడుస్తున్నాం. పక్కన ఆర్చి వంతెన ఉంది, 28 విల్లులు. కానీ అది రైలుది. దాని మీద మన పని కిటికీలోంచి రూపాయి విసిరి దణ్ణం పెట్టడం వరకే. ఈలోగా మా ఆవిడ, పిల్లలు కారు దగ్గర్నుంచి బజ్జీల బండి దాకా కాలినడకన వెళ్లొచ్చారు. మా ఇంటి లెక్కలో అది ట్రెక్కింగే.

వాడు వినలేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీద నడుస్తానన్నాడు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన చోటు, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. లెక్కపెట్టుకుంటూ బయల్దేరాం.

పదో గేటు దగ్గర ఓ మోటార్‌సైకిల్ ఆగింది. "బండి పాడైందాండీ?" లేదండీ, ఊరికే నడుస్తున్నామన్నాను. ఆయన నమ్మలేదు. పదిహేనో గేటు దగ్గర ఆటో ఆగింది. "డబ్బులు ఒద్దులెండి, ఎక్కండి." ఇరవయ్యో గేటు దగ్గర ఓ పెద్దాయన స్కూటరాపి, బావమరిది బూట్ల వంక జాలిగా చూసి, నన్ను పక్కకి పిలిచాడు. "ఇంట్లో ఏవన్నా గొడవాండీ?"

బావమరిది మారుమాట్లాడకుండా స్కూటరెక్కేశాడు. వాడి వెనకాల నేనూ సర్దుకున్నాను.