పదిహేనో కుర్చీ

మా ఊరి శాంతి కమిటీలో పద్నాలుగు మంది సభ్యులం. అందరం మగవాళ్లమే. ఇది ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదు. కొట్టుకున్నది మగవాళ్లు కాబట్టి రాజీపడే బాధ్యత కూడా మగవాళ్లదేనని అనుకున్నాం. ఎవరు తీసిన గొయ్యి వాళ్లే పూడ్చాలి కదా. (ఈ సూత్రం ఇంట్లో అంట్ల దగ్గర ఎందుకు పనిచేయదని మా ఆవిడ అడిగింది. అది వేరే చర్చ.)

గొడవ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది పలాస దగ్గర జీడితోటల మధ్య ఊరు. పేరు రాయను, రాస్తే ఇంకో గొడవ. అమ్మవారి పండగకి ముందు వీధి వాళ్లు కట్టిన ఫ్లెక్సీ మీద వెనక వీధి వాళ్లు తమ ఫ్లెక్సీ కట్టారు. ఆ రాత్రి రెండు తలలు పగిలాయి, ఒక బైకు కాలింది. తెల్లారి చూస్తే బడికెళ్లే దారికి అడ్డంగా ముళ్లకంచె. పదకొండు మంది కుర్రాళ్ల మీద కేసులు. రెండు రోజులు తిరక్కుండా అధికారులు మమ్మల్ని పిలిచి కమిటీ వేశారు.

అప్పట్నుంచి మేం ఊరికే కూర్చోలేదు. మొదటి సమావేశంలో ఏ వీధి వాళ్లు తలుపు వైపు కూర్చోవాలో తేల్చాం. రెండోదాంట్లో రాయాల్సిన మాట 'క్షమాపణ'నా 'విచారం'నా అన్నదాని మీద సాయంత్రం ఆరింటి దాకా చర్చించి, సమోసాలు చల్లారిపోవడంతో వాయిదా వేశాం. మూడోది అన్నిటికన్నా ఫలవంతమైంది. రెండు వీధులూ కలిసి ఒక శాంతి ఫ్లెక్సీ వేయించాలనీ, అందులో పద్నాలుగు ఫొటోలూ ఒకే సైజులో ఉండాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం.

అలా శాంతి ఒక కొలిక్కి వస్తున్న సమయంలో, కొత్తగా వచ్చిన ఒక ఆడ ఆఫీసరు మా లిస్టు చూసి, "ఇందులో మహిళలు లేరేంటండీ?" అని అడిగింది. 1325 ప్రకారం ఉండాలి కదా అని కూడా అంది.

మా ప్రెసిడెంటు గారు చటుక్కున, "1325 ఎవరి పట్టాలో ఉందమ్మా?" అన్నారు.

అది సర్వే నంబరు కాదట. 2000 అక్టోబరు 31న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఏకగ్రీవంగా చేసిన తీర్మానం నంబరట. యుద్ధాలు ఆపే చర్చల్లోనూ, ఆగాక దేశాన్ని మళ్లీ నిలబెట్టుకునే పనిలోనూ ఆడవాళ్లకు సమానంగా చోటివ్వాలని అందులో ఉందట. నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది. ఇంటికెళ్లి ఫోన్లో వెతికితే ప్రాణం కుదుటపడింది. 1992 నుంచి 2019 వరకు ప్రపంచంలో జరిగిన పెద్ద పెద్ద శాంతి చర్చల్లో బేరమాడినవాళ్లలో ఆడవాళ్లు 13 శాతం. మధ్యవర్తుల్లో 6 శాతం, సంతకాలు పెట్టినవాళ్లలోనూ 6 శాతమే. మాది సున్నా. అంటే ప్రపంచానికీ మాకూ తేడా పదమూడు మెట్లు. శ్రీకాకుళం వెనకబాటుతనం మీద ఇన్ని దశాబ్దాలుగా ఇన్ని వ్యాసాలొచ్చాయి. రోడ్లలో, ఆస్పత్రుల్లో, ఉద్యోగాల్లో మనం ప్రపంచానికి ఇంత దగ్గరగా ఎప్పుడైనా ఉన్నామా?

వెతుకుతుంటే ఒక భయంకరమైన విషయం కూడా కనబడింది. 2003లో లైబీరియా అంతర్యుద్ధం ఆపడానికి ఘనాలో చర్చలు జరుగుతున్నాయి. నాయకులు హోటల్లో ఉంటూ, మాట్లాడుకుంటూ, మళ్లీ మాట్లాడుకుంటూ ఉన్నారు. అచ్చం మాలాగే. లైబీరియా ఆడవాళ్లు వెళ్లి ఆ హాలు గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం అయ్యేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. వాళ్లను నడిపించిన లేమా గ్బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు. బహుమతి సంగతి సరే, గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే టీలు లోపలికి ఎలా వెళ్లాయో ఎవరూ రాయలేదు.

ఆ లైబీరియాకే 2007లో మన దేశం అందరూ ఆడవాళ్లే ఉన్న పోలీసు దళాన్ని ఐక్యరాజ్యసమితి తరఫున పంపింది. గర్వపడాల్సిన విషయం. మా మూడో సమావేశానికీ ఒక మహిళా కానిస్టేబుల్ని పంపారు. హాజరు పుస్తకం పట్టుకుని మా అందరి చేతా సంతకాలు పెట్టించింది.

ఆడవాళ్లకు మేం చోటివ్వలేదనడం మాత్రం అన్యాయం. గిరిజన పోరాట కాలంలో, 1969లో, మా పక్కనే ఉన్న బొడ్డపాడు నుంచి వెళ్లిన పంచాది నిర్మల పోలీసుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకుంది. ఆడదానివి, నీకెందుకని చావు ఆమెను వెనక్కి పంపలేదు. 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డం నిలబడినప్పుడు ముందు ఎవరున్నారు? ఆడవాళ్లే. లాఠీలున్నచోట ముందు వరస వాళ్లకిచ్చాం, కుర్చీలున్నచోట మేం తీసుకున్నాం. లెక్క సగం సగం అయింది.

ఇక సంప్రదాయం. పక్కనే విజయనగరం ఉంది. 1757లో బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్లొద్దని విజయరామరాజుకి చెల్లెలు పైడిమాంబ చెప్పిందని కథ. అన్న వినలేదు. బొబ్బిలి కోటా బుగ్గయింది, తాండ్ర పాపారాయుడి చేతిలో ఆయనా పోయాడు. చెల్లెలు పెద్దచెరువులో వెలసిన అమ్మవారయింది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవానికి లక్షల మందిమి వెళ్లి దండం పెట్టుకుంటాం. చెప్పినప్పుడు వినకపోయినా, తర్వాత గుడి కట్టడంలో మనం ఏ లోటూ చేయలేదు. ఆ సిరిమాను అనే పొడవాటి మాను చివర, అంత ఎత్తున, అమ్మవారి ప్రతిరూపంగా కూర్చునేది ఎవరు? పూజారి గారు. మగమనిషే.

మా ఊళ్లోనూ ఇదే ఏర్పాటు. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకిచ్చిన రాష్ట్రం మనది. మా సర్పంచి ఆడమనిషే. ఇందాక సర్వే నంబరు అడిగిన ప్రెసిడెంటు గారు ఆవిడ భర్త. కాబట్టి మా కమిటీలో ఒక మహిళ మొదట్నుంచీ ఉంది, ఆయన రూపంలో. ఇదే మాట ఆఫీసరుకి చెప్పాం. ఆమె మా వైపు చాలాసేపు చూసి, నాలుగో సమావేశానికి పదిహేనో కుర్చీ వేయమంది.

వేశాం. వెనక వీధి నుంచి ఒక అప్పని పిలిచాం. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడి జిడ్డుకి వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. చీర కొంగుతో కుర్చీ తుడుచుకుని కూర్చుంది.

"బాబూ, ఆ కంచి ఎప్పుడు తీస్తారు?" అంది.

"అది అజెండాలో నేదప్పా."

"మరేటుంది?"

"ఫ్లెక్సీ."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మొదలెట్టింది. "పిల్లగుంటలు తోటల్లోంచి సుట్టు తిరిగి బడికెల్తన్నారు. పాములున్నాయి. ఆ పదకొండుగురు కుర్రోళ్ల కేసులేటయ్యాయి? కాలిపోన బైకు ఇంకా ఫైనాన్సులో ఉంది, ఆ వాయిదాలెవులు కడతారు?"

ఒక్కటీ అజెండాలో లేదు. ఆడవాళ్లను బల్ల దగ్గరికి రానిస్తే వచ్చే చిక్కు ఇదే. 1998లో ఉత్తర ఐర్లండ్ ఒప్పందం అప్పుడూ మహిళల పార్టీ ఒకటి చర్చల్లో చేరి, దెబ్బతిన్న కుటుంబాల గోడు, క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదువుకునే బడుల సంగతి కాగితం మీదికి ఎక్కించిందట. ఎక్కడైనా బడి గొడవే.

"మరి మీ ఆడోళ్లు రెండీధులోళ్లూ మాటాడుకుంతన్నారా?" అని మాలో ఒకరు కొంచెం వెటకారంగా అడిగారు.

"మా డ్వాక్రా గ్రూపులో పదిమందిమి బాబూ. ఐదుగురు ముందీధి, ఐదుగురు ఎనకీధి. బేంకోడికి ఈధులు తెల్దు. ఒకులు కట్టకపోతే అందరికీ లోన్ ఆగిపోద్ది. గొడవైన మర్నాడు గూడా ఒకే ఆటోలో ఎల్లినాం. కూకోడానికి చోటు నేక ముందీధి ఆవిడ నా ఒళ్లో కూకుంది."

అధికార పరిధి లేని ఇలాంటి రాజీలను కమిటీ గుర్తించజాలదని నమోదు చేసి, టీ తాగి, వచ్చే మంగళవారానికి వాయిదా వేశాం.

మంగళవారం ఫొటో కోసం కంచె దగ్గరికి వెళ్లాం. కంచె లేదు. ముళ్లకంప దారి పక్కన కుప్పగా పడి ఉంది. పొద్దున్న ఆరింటి ఆటో ఎక్కబోయే ముందు రెండు వీధుల ఆడవాళ్లూ కలిసి లాగేశారట. పిల్లలు ఆ దారినే బడికెళ్లిపోయారు. మేం పద్నాలుగు మందిమి కుప్ప పక్కన నిలబడి ఫొటో దిగాం. 'శాంతి కమిటీ కృషితో తొలగిన కంచె' అని మర్నాడు పేపర్లో వచ్చింది.

అయినా క్రమశిక్షణ అంటూ ఒకటుంటుంది. కమిటీ అనుమతి లేకుండా కంచె తీసినందుకు సంజాయిషీ అడుగుతూ నోటీసులివ్వాలని ఐదో సమావేశంలో తీర్మానించాం. ఆ ఆడవాళ్ల పేర్లు మాలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. చివరికి వాళ్ల మొగుళ్ల పేర్ల మీద రాసి పంపాం.