ఎదురుచూపు కూడా కైంకర్యమే

"ఓపిక పట్టండి, పైవాడు చూస్తున్నాడు." మన తెలుగు సంఘాల్లో ఈ మాట ఎక్కువగా వినిపించేది కార్యక్రమాల జాబితా బయటికొచ్చిన రోజున. ఏళ్ల తరబడి పద్యాలు రాస్తున్న పెద్దాయన రచన సావనీరులో ఉండదు. గుళ్లో ప్రతి శనివారం కీర్తన పాడే ఆవిడకు ఉగాది వేదిక మీద ఐదు నిమిషాలు దొరకవు. అప్పుడు ఎవరో ఒకరు భుజం తట్టి ఆ మాట అంటారు. మాటలో తప్పేం లేదు. ఓపిక పట్టే రోజుల్లో ఏం చేయాలో చెప్పకుండా వదిలేయడమే తప్పు. దేవుడి మీద భారం వేశాక మనిషి చేయాల్సిన పని తగ్గదు, పెరుగుతుంది. తెలుగువాళ్లకు ఈ సంగతి తిరుమల కొండ మీదే దొరుకుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యుల పాటలు చెక్కిన రాగిరేకుల్లో మొదటి రేకు రెండు తేదీలు చెబుతుంది. పదహారో ఏట స్వామి సాక్షాత్కారమై పాడటం మొదలుపెట్టింది శక సంవత్సరం 1346, అంటే 1424. పరమపదించింది 1503లో, దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి. మధ్య 79 ఏళ్లు. ఆయన మనవడు చిన్నన్న చెప్పినట్టు పాటలు 32,000 అనుకుంటే రోజుకొకటి, ఆపైన కాస్త ఎక్కువే పడుతుంది. మనకు దక్కిన పాటలు సుమారు 14,000. ఆ లెక్కనైనా రెండు రోజులకొకటి. ఎవరు మెచ్చుకున్నారు, ఏ సభలో పిలిచారు అని చూసుకుంటూ కూర్చున్న మనిషికి ఇంత పని సాగదు. ప్రతి పాట చివర వేంకటేశ ముద్ర ఉంటుంది. అంటే ఆ పాట ఎవరికి చేరాలో వారికి ఆ రోజే చేరిపోయింది.

మెప్పు అసలు దొరకలేదని కాదు. సాళువ నరసింహరాయలు ఆయన శృంగార పదం విని మురిసిపోయి, అలాంటిదే తన మీద ఒకటి చెప్పమన్నాడని, ఆయన చెవులు మూసుకుని కాదన్నాడని, అందుకు సంకెళ్లు వేయించారని చిన్నన్న రాశాడు. మెప్పుకు ధర ఉంటుంది. మన కాలంలో రాజులు లేరు. ఆ ధర మాత్రం "భక్తి పాట వద్దండీ, సినిమా పాటైతే చూద్దాం" అనే రూపంలో ఇంకా వస్తూనే ఉంటుంది. సినిమా పాట పాడటం నేరమేమీ కాదు. దానికోసం తన అసలు విద్యను పక్కన పెట్టేసినవాళ్లు మళ్లీ దాని దగ్గరికి రావడం కష్టం.

అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించాడు. ఒక్కో రేకులో సాధారణంగా ఆరు పాటలు, ప్రతి పాట తలన రాగం పేరు, ఆధ్యాత్మం వేరు, శృంగారం వేరు. ఆలయంలోనే సంకీర్తన భండారం అనే చిన్న గదిలో వాటిని భద్రం చేశారు. తర్వాత వందల ఏళ్లు అవి అక్కడే ఉండిపోయాయి. 1816లో మద్రాసులో తన తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన ఎ.డి. క్యాంబెల్‌కు తిరుపతి రేకుల సంగతి తెలుసు. ఒక మనిషిని పంపి వాటిని చూపించాడు కూడా. ఒక వ్యాకరణ గ్రంథం దొరికితే దానికి నకలు తీయించుకున్నాడు. మిగతావన్నీ దేవుడి మీద పాటలే అని రాసి వదిలేశాడు. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటి విలువ గుర్తించి పైకి తెచ్చేదాకా ఇంకో వందేళ్లు గడిచాయి. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు పరిష్కరిస్తే లోకానికి అందాయి. చేతికి దొరికినా విలువ కట్టలేని చూపు ఒకటుంటుంది. అలాంటి చూపు మన రచన మీద పడి వెళ్లిపోయినంత మాత్రాన రచన చెడిపోదు.

ఇక్కడ ఒక నష్టం కూడా జరిగింది, దాన్ని దాటేయకూడదు. రేకుల మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. కాబట్టి సాహిత్యం నిలిచింది, అన్నమయ్య నోట పలికిన వరుస పోయింది. ఈనాడు మనం పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే, రాళ్లపల్లి వారు కట్టినవే వందకు పైగా ఉన్నాయి. భద్రపరిచినవాళ్లు తమ కాలంలో అందరికీ తెలుసు కదా అని వదిలేసినదే పోయింది.

తరిగొండ వెంగమాంబ కథ వేరు. ఆమె 1730లో పుట్టింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆచారం పేరుతో తల గొరిగించబోతే ఒప్పుకోలేదు. గురువు దగ్గర ఓనమాలైనా నేర్వలేదని తనే రాసుకున్న ఆ ఇల్లాలు శతకం, యక్షగానాలు, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. తర్వాత తిరుమల చేరితే, ఆ కొండ మీద కూడా వేధింపులు తప్పలేదు. వాటికి దూరంగా తుంబురు కోనలో కొన్నేళ్లు తపస్సులో గడిపిందని అంటారు. అక్కడి నుంచి తిరిగి వచ్చాక కూడా 1817లో కన్నుమూసేదాకా రాసింది, స్వామికి హారతి ఇచ్చింది. రాత్రి ఏకాంత సేవలో ఈనాటికీ తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి ముత్యాల హారతి. తిరుమలలో 2011లో తెరిచిన నిత్యాన్నదాన భవనానికి ఆమె పేరే పెట్టారు. ఆమె జీవితంలో ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకోవాలి: మాట పడ్డచోటి నుంచి పక్కకు తప్పుకుంది, పనిలోంచి తప్పుకోలేదు.

ఇప్పుడు మన విషయానికొద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, మన విద్యను ఎవరూ గుర్తించలేదా, లేక అది ఇంకా పండలేదా అని. రెండూ బాధపెట్టేది ఒకేలా, మందు మాత్రం వేరు. మనకు మొహమాటం లేని ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లకు చూపించండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. కంద పద్యం రాస్తే బేసి చోట జగణం పడిందా, ఆరో గణం నలమో జగణమో అయిందా, యతి ఎక్కడైనా తప్పిందా అని అడగండి. పాడేవాళ్లు తారస్థాయిలో శ్రుతి ఎక్కడ జారుతోందో అడగండి. తప్పులు చెబితే దిద్దుకోవడమే ఆ ఏడాది ఉపాసన. తప్పులు లేవంటే ఇక బెంగ పెట్టుకోకండి.

రెండోది, రోజూ ఒక వేళ. అరగంట చాలు, కానీ అదే వేళ, అదే చోటు. దీపం పెట్టి ఆ రోజు పద్యాన్నో పాటనో ముందు స్వామికి వినిపించండి, మనుషులకు తర్వాత. వరుస తిరగేస్తే, అంటే ముందు ఫేస్‌బుక్‌లో పెట్టి ఎన్ని లైకులు వచ్చాయో చూసుకుని ఆ తర్వాత పూజకు కూర్చుంటే, మనసు అక్కడే ఉండిపోతుంది.

మూడోది దాచడం. పాత సావనీర్లు ఎన్నో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి రచన యూనికోడ్‌లోనే ఉంచండి, కింద తేదీ, ఊరు రాయండి, ఒక ప్రతి కాగితం మీద అచ్చు తీయండి. పాటైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఫోను అడుగు దూరంలో పెట్టండి. నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపేయండి, అది తంబురా నాదాన్ని ఫ్యాను మోత అనుకుని కొట్టేస్తుంది. మొదట రాగం, తాళం, శ్రుతి ఎంతో నోటితో చెప్పి పాడండి. స్వరం రాసి పెట్టండి. రాగిరేకుల్లో పోయింది అదే. వాట్సాప్‌లో పంపిందే ప్రతి అనుకోవద్దు, వాయిస్ మెసేజ్‌గా పంపితే అది శబ్దాన్ని కుదించేస్తుంది. మొత్తం మూడు ప్రతులు, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి, ఏడాదికోసారి తెరిచి చూసుకోవాలి. మీ తర్వాత ఇవి ఎవరి చేతికి వెళ్లాలో పేరు రాసి పెట్టండి. మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. అలాంటప్పుడు చదవగలిగిన శిష్యులనో, స్నేహితుల బిడ్డలనో ఎంచుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఎదురుచూపు పాడైపోయే దారి కూడా తెలిసి ఉండాలి. ఇంకొకరు పాడుతుంటే వినలేకపోవడం దాని మొదటి గుర్తు. అది మొదలైన వారమే ఎవరికైనా ఒక పాట నేర్పడం మొదలుపెట్టండి, ఇద్దరు పిల్లలైనా చాలు. రెండో గుర్తు ఇంకా మోసకారి: "దేవుడే పిలిపిస్తాడు" అని అప్లికేషనే పంపకపోవడం. భక్తి ముసుగు వేసుకున్న అహంకారం అది. గడువుకు ముందే ఒక చిన్న ఉత్తరం, ఒక నమూనా పంపండి. కాదంటే వచ్చే ఏడాది మళ్లీ పంపండి. అడగడం మన వంతు, ఫలితం మన చేతిలోది కాదు.

చివరగా కమిటీల్లో కూర్చున్నవాళ్లకు. ఓపిక అనేది భక్తుడు తనంతట తాను పట్టేది, మనం ఎదుటివాళ్ల మీద రుద్దేది కాదు. ఎప్పుడూ ఆ నాలుగిళ్ల పిల్లలకే వేదిక దొరుకుతూ ఉంటే దానికి దేవుడి చిత్తం అని పేరు పెట్టడం అపచారం. పేర్లు తీసేసి నంబరు వేసిన 90 సెకన్ల ఆడియోలు వినండి. ఇద్దరు న్యాయనిర్ణేతలను వేరే ఊరి నుంచి తీసుకోండి. మూడు గంటల కార్యక్రమంలో ఇరవై నిమిషాలు ఇంతవరకు వేదిక ఎక్కనివాళ్లకు ఉంచండి. ఎంపిక కానివాళ్లకు నెలలోపు, కారణం ఒక్క వాక్యంలో చెబుతూ జవాబివ్వండి. చాలామంది మానేసేది కాదన్నందుకు కాదు, ఏ జవాబూ రానందుకు. ఈ పద్ధతులను ఎంట్రీలు పిలిచే ప్రకటనలోనే అచ్చు వేయండి. జాబితా బయటికొచ్చాక చెబితే ఎవరూ నమ్మరు.